"ఏమనిపిస్తోంది?" అని అడిగితే నా దగ్గర జవాబు ఉండదు: ఆటిజం, అలెక్సిథైమియా

మూడోబెంచీ (హైదరాబాద్)

చాలాకాలంగా ఈ ఫోరంలో పోస్టులు చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదటిసారి. నాకు 34 ఏళ్ళు. ఆటిజం అని తేలి రెండేళ్ళయింది. ఇప్పుడు అడగబోయేది దాని పక్కనే ఉన్న ఇంకోదాని గురించి.

కౌన్సెలింగ్‌కి వెళ్తే మేడమ్ మొదట అడిగేది "ఈ వారం ఎలా అనిపించింది?" అని. నేను జరిగినవన్నీ వరసగా చెప్తాను. సోమవారం రిలీజ్ ఉంది, మంగళవారం అత్త వచ్చింది, బుధవారం బోరు పాడైంది. ఆవిడ ఓపిగ్గా విని "అవి జరిగాయి, సరే, మీకేమనిపించింది?" అంటారు. "బోరు మెకానిక్ డబ్బులు ఎక్కువ తీసుకున్నాడనిపించింది" అన్నాను. నిజంగా అదే అనిపించింది మరి! మన భాషలో ఇదో తిరకాసు. బుర్రలో వచ్చే ఆలోచనకీ, మనసులో కలిగేదానికీ ఒకటే మాట వాడతాం, అనిపించింది అని. నేను ముప్ఫై ఏళ్ళు మొదటి అర్థంతోనే నెట్టుకొచ్చేశాను.

ఇంకో సంగతి చెప్తే మీకు బాగా అర్థమవుతుంది. నాలుగేళ్ళు కడుపునొప్పితో తిరిగాను. ఎండోస్కోపీ చేశారు, ఏమీ లేదన్నారు, గ్యాస్ మాత్రలు రాశారు. చివరికి విసుగొచ్చి (విసుగు అని ఇప్పుడు రాస్తున్నాను, అప్పుడైతే దానికీ పేరు తెలీదు) చిన్న నోట్‌బుక్‌లో మూడు గళ్ళు గీశాను: టైమెంత, ఎక్కడున్నాను, కడుపెలా ఉంది. ఆరు వారాలయ్యాక తిరగేస్తే నొప్పి ఎక్కువగా ఆదివారం సాయంత్రం ఐదున్నరకీ ఏడుకీ మధ్య, లేదంటే ఆఫీసులో ఒకాయన పేరుతో ఫోన్ మోగినప్పుడు. శనివారం మిర్చిబజ్జీలు తిన్నా ఏమీ లేదు. అంటే నేను నాలుగేళ్ళు భయానికి గ్యాస్ మాత్ర వేసుకున్నానన్నమాట.

ఇలా లోపల కలిగేదేమిటో గుర్తుపట్టలేక, దానికి పేరు పెట్టలేకపోవడాన్ని అలెక్సిథైమియా అంటారని మేడమ్ చెప్పారు. ఇది ఆటిజంలో భాగమేనా, వేరేదా? మీలో ఇంకెవరికైనా ఉందా? ఉంటే ఏం చేస్తున్నారు?

రాత్రిషిఫ్టు (బెంగళూరు)

నాకు ఆకలి కూడా తెలీదండీ. మధ్యాహ్నం మూడింటికి కోడ్ రివ్యూలో అందరి మీదా అరిచేసి, తర్వాత ఎవరో బిస్కెట్ పెడితే తిన్నాక "ఓహో, పొద్దుట్నుంచి తినలేదు కదా" అని గుర్తొస్తుంది. ఇప్పుడు ఫోన్‌లో అలారాలు పెట్టుకున్నాను. 1 గంటకు అన్నం, 4కి నీళ్ళు, 5కి బాత్రూమ్. చూసినవాళ్ళు నవ్వుతారు, నవ్వనీ.

అలలు (విశాఖపట్నం, క్లినికల్ సైకాలజిస్ట్)

మూడోబెంచీ గారూ, మీ కడుపునొప్పి కథ ఈ పేరు పుట్టిన చోటికే తీసుకెళ్తుంది. బోస్టన్‌లో పనిచేసిన పీటర్ సిఫ్నియోస్ అనే సైకియాట్రిస్ట్ 1970ల మొదట్లో ఈ మాట తయారు చేశాడు. గ్రీకులో లేమి, మాట, భావం అనే మూడు ముక్కలు కలిపితే వచ్చింది. అప్పట్లో ఆయన చూస్తున్నది మనసు ఒత్తిడి ఒంట్లో జబ్బుగా బయటపడే రోగులను. నొప్పి ఎక్కడో, ఎప్పుడో వేలుపెట్టి చూపిస్తారు గానీ "బాధగా ఉందా, భయంగా ఉందా" అంటే తెల్లమొహం వేస్తారు. ఆటిజంతో ముడిపెట్టి చూడడం చాలా తర్వాతి సంగతి.

ఇది జబ్బు పేరు కాదు. మానసిక జబ్బుల నిర్ధారణకి సైకియాట్రిస్టులు వాడే పుస్తకం డీఎస్ఎమ్-5లో దీనికి డయాగ్నోసిస్‌గా చోటు లేదు. ఎత్తూ బరువూ ఉన్నట్టు ఇదొక గుణం, కొందరిలో తక్కువ, కొందరిలో ఎక్కువ. కొలవడానికి ఎక్కువగా వాడేది టొరంటో స్కేలు, 1994లో వచ్చిన రూపంలో 20 ప్రశ్నలు, 61 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఉందని లెక్క. అందులో చూసేవి మూడు: కలిగిన భావాన్ని గుర్తుపట్టడం, దాన్ని మాటల్లో పెట్టడం, ఆలోచన ఎప్పుడూ బయటి విషయాల మీదే ఉండిపోవడం. మీ బోరు మెకానిక్ జవాబు మూడోదానికి చక్కటి ఉదాహరణ. 🙂

ఇక ఆటిజంలో భాగమేనా అన్నదానికి: 2019లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి లెక్కవేస్తే ఆటిజం ఉన్నవాళ్ళలో దాదాపు 50 శాతం మందికి ఈ ఇబ్బంది కనిపించింది, లేనివాళ్ళలో దాదాపు 5 శాతం. తేడా చాలా పెద్దది, కానీ మిగతా సగం మందికి లేదన్న సంగతి కూడా అందులోనే ఉంది. కాబట్టి తరచూ కలిసి వచ్చేదే గానీ రెండూ ఒకటి కాదు.

ఓరుగల్లు_పిలగాడు (హనుమకొండ)

ఆ మిగతా సగంలో నేనున్నాను. నాకూ ఆటిజమే, కానీ నాకు మస్తు తెలుస్తుంది, అవసరానికి మించి తెలుస్తుంది. ఒక్క మాట పడితే అది కోపమా, అవమానమా, ఈర్ష్యనా, ఎంతెంత కలిసిందో పప్పులో పోపు దినుసులు ఏరినట్టు చెప్పగలను. నా సమస్యల్లా మొహం మీద ఏమీ కనిపించకపోవడం. లోపల వరద, బయట ఫొటో స్టూడియో మొహం. డాక్టర్లు కూడా చూడంగనే "ఇతనికి ఫీలింగ్స్ తెలియవు" అని రాసేస్తున్నారు. దయచేసి అందరినీ ఒకే గంపలో వేయకండి.

అలలు

మంచి మాట. 2010లో లండన్‌లో జెఫ్రీ బర్డ్ బృందం చేసిన ప్రయోగం సరిగ్గా దీని మీదే. తమ దగ్గరివాళ్ళకి నొప్పి కలుగుతుంటే చూసేవాళ్ళ మెదడులో ఇన్సులా అనే భాగం ఎంత స్పందిస్తుందో కొలిచారు. స్పందన తగ్గింది అలెక్సిథైమియా ఎక్కువున్నవాళ్ళలో, వాళ్ళకి ఆటిజం ఉన్నా లేకున్నా. ఆటిజం వల్ల విడిగా తేడా రాలేదు. "ఆటిజం ఉన్నవాళ్ళకి సానుభూతి ఉండదు" అని దశాబ్దాలుగా చెప్పుకొస్తున్న మాటలో ఎంత భాగం నిజానికి అలెక్సిథైమియాదో అని అప్పటినుంచి తిరిగి చూస్తున్నారు.

ఇన్సులాకి ఇంకో పని కూడా ఉంది, ఒంటి లోపలి సంగతులు అందుకోవడం. గుండె దడ, ఆకలి, దాహం, ఉచ్చ వస్తోందన్న కబురు. దాన్నే ఇంటెరోసెప్షన్ అంటారు. రాత్రిషిఫ్టు గారి అలారాలకీ మూడోబెంచీ గారి కడుపుకీ చుట్టరికం ఇక్కడే ఉందనుకుంటున్నారు. "అనుకుంటున్నారు" అని కావాలనే అంటున్నాను. గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెట్టమనే పరీక్ష మీద ఆధారపడిన పరిశోధన చాలా ఉంది, ఆ పరీక్ష మీదే సందేహాలు ఉన్నాయి. కొందరు తమ గుండె మామూలుగా నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో తెలిసి అంచనాగా చెప్పేస్తారు కదా.

సూటిగా (రాజమండ్రి)

కోపగించుకోకండి, ఒక మాట అడుగుతాను. నాకు 52. మా నాన్న జీవితంలో ఒక్కసారి కూడా "నాకు బాధగా ఉంది" అనలేదు. మా ఊళ్ళో ఆ తరం మగాళ్ళెవరూ అనలేదు. పంట పోతే అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చేవాళ్ళు, అంతే. అందరికీ ఈ గ్రీకు జబ్బే ఉందా? ప్రతిదానికీ ఒక పేరు తగిలించి మాత్ర రాయడం ఎక్కువైపోయింది.

రాత్రిషిఫ్టు

మాత్ర లేదు సార్ దీనికి, ఉంటే నేనే క్యూలో ముందుండేవాణ్ణి.

మూడోబెంచీ

సూటిగా గారూ, కోపం లేదండీ (ఉందేమో, రేపు తెలుస్తుంది). మీ నాన్నగారికి పంట పోయిందన్న బాధ తెలుసు, చెప్పలేదు. తలుపు మూసుకుని కూర్చున్నారు. నా విషయంలో తలుపు తీసే ఉంది, లోపలికి వెళ్తే లైటు వెలగదు. స్విచ్చు ఎక్కడుందో తెలీదు.

మా నాన్న పోయినప్పుడు నేను ఏడవలేదు. వచ్చినవాళ్ళు చూశారు, "రాయిలా ఉందే పిల్ల" అన్నారు, వినపడింది. నేను డెత్ సర్టిఫికెట్, బ్యాంకు, గ్యాస్ కనెక్షన్ పేరు మార్పు అన్నీ లిస్టు రాసుకుని చేశాను. నిజం చెప్పాలంటే లోపల ఏమీ కనపడలేదు. నెల తర్వాత మా పిన్ని అంది, "ఏమే, నువ్వు నెల్రోజుల నుంచి ఒక్క పెరుగన్నమే తింటున్నావు, కూరలు ముట్టుకోవట్లేదు, చూసుకున్నావా?" అని. చూసుకోలేదు. కూర వాసనొస్తే గొంతు పట్టేసేది, అంతే తెలుసు. ఆదివారాలు వంకాయ కూర వండేది నాన్న. ఆ రెండింటినీ కలపడానికి నాకు ఇంకో ఏడాదిన్నర పట్టింది, అదీ కౌన్సెలింగ్‌లో.

సూటిగా

సరే అమ్మా. ఆ సంగతి వేరు. మీ నాన్నగారి ఆత్మకు శాంతి కలగాలి.

అలలు

సూటిగా గారి ప్రశ్నలో తీసిపారేయకూడనిది ఒకటుంది. ఆటిజం లేనివాళ్ళలోనూ ఇది ఉంటుంది. చిన్నతనంలో దెబ్బలు తిన్నవాళ్ళలో, డిప్రెషన్‌లో ఉన్నవాళ్ళలో ఎక్కువ చూస్తాం. మనోభావాన్ని ఒంటి మాటల్లో చెప్పుకునే అలవాటు మన దగ్గర బలంగా ఉంది, దాన్ని చూసి తొందరపడి స్కేలు తీయకూడదు కూడా.

మూడోబెంచీ

ఒంటి మాటలంటే గుర్తొచ్చింది. ఏడెనిమిదేళ్ళప్పుడు అమ్మ ఎవరి మీదో "కడుపు మండిపోతోంది" అంటే మజ్జిగ కలిపి తెచ్చిచ్చాను. అందరూ నవ్వారు, ఎందుకో తెలీలేదు. "ఒళ్ళు మండింది" అంటే జ్వరం అనుకునేదాన్ని.

కానీ ఈమధ్య అవే మాటలు పనికొస్తున్నాయి. ఇంగ్లీషులో ఇచ్చే ఫీలింగ్స్ చక్రం ఉంటుంది కదా, రంగురంగుల్లో వంద పేర్లు, అది నాకు మెనూ కార్డులా ఉంటుంది, ఏ వంటా తిని ఎరగను. దాని బదులు మన మాటలన్నీ రాసుకున్నాను. గుండె జారింది. గుండె బరువెక్కింది. నోరెండిపోయింది. కాళ్ళూ చేతులూ ఆడట్లేదు. ప్రాణం ఉసూరుమంది. గొంతులో ఏదో అడ్డుపడింది. ఒళ్ళు మండింది. ఇవన్నీ అచ్చంగా ఒంట్లో ఫలానా చోట ఫలానాది జరిగింది అని చెప్పేవే! పేరు నుంచి మొదలుపెడితే నాకు రాదు, చోటు నుంచి మొదలుపెడితే వస్తుంది. నోరెండింది, గుండె జారింది, కాళ్ళాడట్లేదు, మూడూ ఉన్నాయి, అయితే ఇది భయం అన్నమాట అని లెక్క కట్టినట్టు కట్టుకుంటాను. మిగతావాళ్ళకి క్షణంలో తెలిసేది నాకు పది నిమిషాలు పడుతుంది, పట్టనీ.

ఓరుగల్లు_పిలగాడు

ఈ లిస్టు మొత్తం ఇక్కడ పెట్టండి అక్కా, మాకూ పనికొస్తుంది.

బుడ్డోడి_అమ్మ (గుంటూరు)

ఇది చదివి ఆగలేక రాస్తున్నాను, పొయ్యి మీద పాలు ఉన్నాయి, తప్పులుంటే ఏమనుకోకండి. మా వాడికి పదకొండేళ్ళు, ఆటిజం. బాగా మాట్లాడతాడు, రైళ్ళ నంబర్లు అడిగితే ఆపకుండా చెప్తాడు, కానీ "ఏమైంది నాన్నా" అంటే ఎప్పుడూ "ఏం లేదు". స్కూల్లో మొహాల చార్టు ఒకటి పెట్టారు, రోజూ పొద్దున ఏదో ఒక మొహం ముట్టుకుని లోపలికి వెళ్ళాలి. వీడు రోజూ నవ్వే మొహమే. టీచరు సంబరపడి నాకు ఫోన్ చేసింది. ఇంట్లో అడిగితే ఏమన్నాడో తెలుసా, "నవ్వేది ముట్టుకుంటే ఇంకేం అడగరు. ఏడ్చేది ముట్టుకుంటే ఎందుకు ఎందుకు అంటారు."

పోయిన మాఘమాసంలో తెనాలిలో మా తమ్ముడి పెళ్ళి. బ్యాండు మొదలైన ఐదు నిమిషాలకి వీడొచ్చి "చెవులు ఉడుకుతున్నాయి" అన్నాడు. జ్వరమేమో అని నుదురు పట్టుకుని చూశా, లేదు, పో ఆడుకో అన్నా. ఇంకో పావుగంటకి స్టేజీ వెనక దూరి పూలదండలన్నీ పీకేసి చెవులు మూసుకుని ఒకటే అరుపు. బంధువులందరి ముందు నేనేం పడ్డానో చెప్పక్కర్లేదు, గారాబం చేశావు, రెండు తగిలిస్తే అన్నీ సర్దుకుంటాయి అని. రాత్రి కూర్చుని ఆలోచిస్తే, స్కూలు యానివర్సరీ రోజూ వాడు అదే మాట అన్నాడు, చెవులు ఉడుకుతున్నాయని. వాడు ముందే చెప్తున్నాడు, నేనే జ్వరం చూస్తున్నా.

అప్పటినుంచి మొహాలు మానేశాం. మా ఇంట్లో పాత ఫ్యాను రెగ్యులేటరు ఉంది, గుండ్రంగా తిప్పేది, సున్నా నుంచి ఐదు దాకా. "లోపల ఫ్యాను ఎంతలో ఉంది?" అని అడుగుతా. వెంటనే చెప్తాడు! రెండు, మూడు. నాలుగు అన్నాడంటే ఎవరి పెళ్ళయినా సరే చెప్పులేసుకుని బయటికి.

న్యూజెర్సీ_చలి (సొంతూరు నెల్లూరు)

ఫ్యాను రెగ్యులేటరు!! ఇవాళ రాత్రే మా ఇంట్లో మొదలు, మా ఆయనకి. ఆయన వయసు 41.

మాది పెద్దలు కుదిర్చిన పెళ్ళి. మొదటి ఆరేళ్ళు ఆయనకి నేనంటే ఇష్టం లేదనే అనుకున్నాను. మా అమ్మ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను సోఫాలో కూర్చుని ఏడుస్తుంటే ఆయన పక్కన నిలబడి "హీటర్ పెంచనా?" అని అడిగాడు. అంతే, ఇంకో మాట లేదు. కానీ గంటలో టికెట్లు, నా థైరాయిడ్ మాత్రలు లెక్కపెట్టి డబ్బాలో, పాస్‌పోర్టు, నెల్లూరు స్టేషన్ నుంచి ఇంటికి కారు, అన్నీ అయిపోయాయి. మూడు వారాల తర్వాత ఆఫీసు నుంచి నాకో ఈమెయిలు, ఇంట్లో ఉన్న మనిషికి ఈమెయిలు చూడండి. "మీ అమ్మగారు పోయినప్పటి నుంచి నాకు రాత్రులు ఛాతీ మీద ఏదో పెట్టినట్టుంది. నేనూ బాధపడుతున్నానేమో అని ఇవాళ అనుమానం వచ్చింది." ఆ ఉత్తరం ఇప్పటికీ దాచుకున్నాను.

ఆటిజం అని తెలిసింది రెండేళ్ళ కిందట. ఇప్పుడు మా ఇంట్లో ఒక రూలుంది, "రేపు చెప్తా" అనేది కూడా జవాబే. గొడవలో నేను "అసలు నీకేమనిపిస్తోంది, ఇప్పుడే చెప్పు" అని నిలదీస్తే ఆయన మొహం మూసుకుపోయి గంటసేపు మాటే రాదు. రేపటిదాకా ఆగితే వాట్సాప్‌లో నాలుగు లైన్లు వస్తాయి, నేను రాసేవాటి కన్నా నిజాయితీగా. ఆగడం నాకు కష్టమే, అబద్ధం చెప్పను. కొన్ని రాత్రులు నాకు రేపు అక్కర్లేదు, ఇప్పుడే కావాలి అనిపిస్తుంది.

అలలు

ఆ చివరి వాక్యం రాసినందుకు థాంక్స్ అండీ. ఈ చర్చల్లో భాగస్వామి వైపు మాట తక్కువ వినపడుతుంది.

ఫ్యాను నంబరు గురించి చిన్న మాట. అది వేగం చెప్తుంది, గాలి ఎటు వీస్తోందో చెప్పదు. సంతోషంతో గుండె దడదడలాడినా భయంతో ఆడినా ఒంటికి తేడా బాగా తక్కువ. నంబరు అలవాటయ్యాక "అది కావాలా, వద్దా?" అని రెండో ప్రశ్న ఒకటి చేర్చి చూడండి. ఎందుకు అని మాత్రం అప్పుడే అడక్కండి, బుడ్డోడు చార్టు విషయంలో చెప్పింది వందశాతం కరెక్టు.

కౌన్సెలింగ్‌కి వెళ్ళేవాళ్ళు ఈ సంగతి మొదటి రోజే చెప్పేయండి. మా కాగితాల్లో "సంఘటన, భావం, ఆలోచన" అని గళ్ళుంటాయి, రెండో గడి ఖాళీగా వదిలేస్తే "సహకరించట్లేదు" అని రాసుకునేవాళ్ళు ఉన్నారు. ఆ గడిలో ఒంట్లో ఏమైందో రాస్తానని అడగండి. టొరంటో స్కేలులో ఉన్న చిక్కూ ఇలాంటిదే, తన భావాలు తనకి తెలియవనే మనిషిని "మీ భావాలు మీకు ఎంత తెలుసు" అని అడుగుతున్నాం.

ఒక హెచ్చరిక కూడా. ఇది ఉన్నవాళ్ళకి డిప్రెషన్ వస్తే "దిగులుగా ఉంది" అని అనిపించకపోవచ్చు. నిద్ర తగ్గడం, తిండి మారడం, ఇష్టమైన పని ముట్టుకోకపోవడం, ఇవే కనపడతాయి. చచ్చిపోవాలన్న ఆలోచన కూడా ఏడుపు లేకుండా, మామూలు లెక్కలా వస్తుంది కొందరికి. అలాంటిది ఉంటే ఆగకండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

బుడ్డోడి_అమ్మ

మేడమ్, మా వాడి వికలాంగ సర్టిఫికెట్ కోసం సికింద్రాబాద్ వెళ్ళాలి మేము. దీన్ని కూడా అందులో రాస్తారా?

అలలు

రాయరండీ. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్నది ఆటిజం. దాన్ని ఇస్సా అనే మన దేశపు స్కేలుతో కొలుస్తారు, సికింద్రాబాద్‌లో ఉన్న జాతీయ సంస్థలోనే తయారైంది, 40 అంశాలు, 70కి తగ్గితే ఆటిజం కింద లెక్క రాదు. భావోద్వేగాలకి అందులో ఒక విభాగం ఉంది, కానీ అది బయటి నుంచి చూసి వేసేది. "పైకి కారణం కనపడకుండా ఉద్రేకపడతాడు" లాంటి అంశాలు. చెవుల సంగతి మీరు చెప్తేనే వాళ్ళకి తెలుస్తుంది, రాసుకుని తీసుకెళ్ళండి.

మోడరేటర్

ఆన్‌లైన్ టెస్ట్ స్కోర్లు పెట్టి "నాకుందా లేదా" అని అడిగిన మూడు పోస్టులు తీసేశాం. స్కోరు చూసి ఇక్కడెవరూ తేల్చలేరు.

మూడోబెంచీ

అడిగారు కాబట్టి నా లిస్టు రేపు టైప్ చేసి పెడతాను. ఇప్పటికి 43 మాటలున్నాయి. "కడుపులో దేవినట్టుంది" ఎక్కడ వేయాలో తేలట్లేదు, భయమా, అసహ్యమా? మీ దగ్గర ఎలా వాడతారు?

సూటిగా

మా వైపు రెండింటికీ వాడతాం. బస్సులో కూడా వాడతాం.

న్యూజెర్సీ_చలి

రిపోర్టు: ఫ్యాను ఎంతలో ఉంది అని అడిగాను. పదినిమిషాలు ఆలోచించి "మన ఇంట్లో రెగ్యులేటరు లేదు కదా, రిమోటు" అన్నాడు. 😐 తర్వాత పడుకునేముందు, "మూడు. ఆఫీసు వల్ల. నీ వల్ల కాదు."

బుడ్డోడి_అమ్మ

ఇప్పుడే మా వాణ్ణి అలలు మేడమ్ చెప్పినట్టు అడిగాను. లోపల ఫ్యాను ఎంత? నాలుగు. నేను చెప్పులు వెతుక్కుంటుంటే "అమ్మా ఎక్కడికి, ఇది కావాల్సిన నాలుగు" అన్నాడు. రేపు మావయ్య రైలు చూపించడానికి తీసుకెళ్తానన్నాడట.